బోదకాలు అని రాయాల్సిన చోట

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆరోగ్య కార్యకర్తలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిజిస్టర్లు ఎలా రాయాలి, తనిఖీకి వచ్చినవాళ్లకి ఏం చూపించాలి అని అడుగుతారు. అవి నేను చెప్పక్కర్లేదు, నాలుగు నెలలు తిరిగేసరికి వాటంతటవే వస్తాయి. నేను చెప్పాల్సింది వేరే ఉంది. ఈ ఉద్యోగంలో నేను వేసిన సూదులకన్నా, పంచిన మాత్రలకన్నా, అరుగుల మీద కూర్చుని చెప్పిన మాటలే ఎక్కువ. సూది ఎలా పట్టుకోవాలో ట్రైనింగులో నేర్పారు. మాట ఎలా పట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు. అది నేను ఒక మనిషికి అన్యాయం చేసి నేర్చుకున్నాను.

నా పేరు సుగుణ. మాది రాజోలు వైపు. నాన్నగారు మిషన్ స్కూల్లో పంతులు. నా మొదటి పోస్టింగు ఆత్రేయపురం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పడింది. ఆ ఊరి పేరు రాయను. ఆ వీధి వాళ్ల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

పొయ్యి పక్కన చాపిన కాలు

ఆ రోజులు తలుచుకుంటే ముందు వాసనే గుర్తొస్తుంది. పొద్దున్నే కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్తుంటే ఎండు కొబ్బరాకుల పొగ, దాని వెనకే బియ్యప్పిండి ఆవిరి. ఆ వీధిలో ఇంటింటా పూతరేకులు తీసేవాళ్లు. కింద మంట, పైన బోర్లించిన కుండ. పలచటి పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద పరిచి ఒక్క లాగు లాగితే, ఉల్లిపొరలాంటి రేకు అంటుకుని ఉండేది. ఒక్క క్షణం ఆలస్యమైతే మాడిపోతుంది, తొందరపడితే చిరిగిపోతుంది.

ఆ వీధిలో అందరికన్నా పలచగా రేకు తీసేది సత్యవతి. పాతికేళ్లుంటాయి, నాకూ అప్పుడు దాదాపు అంతే. ఆమె రేకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతలున్న మనిషి మొహం కనబడేది. మిఠాయి కొట్టు షావుకారు పెళ్లిళ్లకి పంపే సరుకులో ఆమె రేకులే వాడేవాడు.

ఆమె ఎడమ కాలు మోకాలి కింద నుంచి వాచి ఉండేది. మఠం వేసుకుని కూర్చోలేక, ఆ కాలిని పొయ్యి పక్కకి చాపుకుని పని చేసేది.

"ఎన్నాళ్ల నుంచండీ ఇలా?" అని అడిగాను, సర్వేకి వెళ్లిన మొదటిసారి.

"పెళ్లైన మరుసటేడు మొదలైందండీ. కాలి పట్టీ బిగుసుకుపోతుంటే కొత్తది కదా అనుకున్నానండి. తరవాత పట్టీయే తీసెయ్యాల్సొచ్చింది. రెండు మూడు నెలలకోసారి చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల. జ్వరం పోద్దండి, వాపు మాత్రం ఉండిపోద్ది."

చూడగానే తెలిసింది, బోదకాలని. మా కోనసీమలో కాలవల పక్కన పుట్టినవాళ్లకి అది చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

అట్టలేని నిఘంటువు

సత్యవతి, ఆమె అత్తగారు సూరమ్మగారు ఆరోగ్య కేంద్రానికి వచ్చారు. డాక్టర్ నరసరాజుగారు కాలు నొక్కి చూసి, మాత్రలు రాసి, చీటీ మీద ఇంగ్లీషులో ఎలిఫెంటియాసిస్ అని రాసి, వేరే ఊరికి టీకాల పని మీద జీపెక్కారు.

"ఇంగ్లీషులో రాసేరేంటండీ నర్సమ్మగారూ? మా ఇంటాయనకి తెలిసేలా తెలుగులో రాసివ్వండి," అన్నారు సూరమ్మగారు.

"బోదకాలండీ, పిన్నిగారూ," అని నోటితో చెప్పాను. కాగితం మీద మాత్రం అంత మామూలు మాట రాయబుద్ధి కాలేదు. పంతులుగారి కూతుర్ని, నా తెలుగు మీద నాకు గర్వం. కంపౌండరుగారి బల్ల మీద అట్ట ఊడిపోయిన పాత నిఘంటువు ఒకటి ఉండేది. అందులో ఆ ఇంగ్లీషు మాట వెతికాను. "ఏనుగు కాలు, శ్లీపదము, కుష్ఠు విశేషము" అని ఉంది.

కుష్ఠు అన్న మాట దగ్గర నా చెయ్యి కాస్త ఆగింది. ఆగిన మాట నిజమే. నాకు బోదకాలూ తెలుసు, కుష్ఠూ తెలుసు, రెండూ వేరని కూడా తెలుసు. అయినా అచ్చులో ఉన్నది తప్పవుతుందా, నాకు తెలియని విశేషమేదో ఉంటుంది అనుకున్నాను. గుండ్రటి అక్షరాలతో మూడు మాటలూ ఎక్కించి ఇచ్చేశాను. కళ్లతో చూసి తెలుసుకున్నదాన్ని పక్కన పెట్టి, అచ్చులో చదివినదాన్ని నమ్మాను. నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. ఇది తెలియక చేసినది కాదు, తెలిసి చేసినది.

ఆరిన పొయ్యి

మూడు వారాల తర్వాత ఆ వీధికి వెళ్లాను. అన్ని ఇళ్లలో పొగ లేస్తోంది, సూరమ్మగారింట్లో తప్ప. పొయ్యి బూడిద తీసి అలికేసి ఉంది. కుండ లేదు.

"సత్యవతి ఏదండీ?"

సూరమ్మగారు గుమ్మం దిగలేదు. "ఏదంటారేంటండీ? మీరే కదా రాసిచ్చేరు పెద్దరోగమని, కుష్ఠని."

"నేనెప్పుడు రాశానండీ? బోదకాలని చెప్పాను కదా!"

"చెప్పింది ఒకటి, రాసింది ఒకటీనండి. రేకులు ఇవ్వడానికెళ్లి షావుకారుగారి చేత చదివించేను. ఆయన మూడుసార్లు చదివేరు. నోటితో అలాగే చెబుతారమ్మా భయపడతారని, రాసిందే నిజం అన్నారు. తెచ్చిన రేకులు అక్కడే గోనె మీద పెట్టేసి రమ్మన్నారు. మర్నాటికి వీధంతా తెలిసిపోయిందండి. గ్లాసు వేరే పెట్టేను, కంచం వేరే పెట్టేను. ఎన్నాళ్లు పెడతానండీ? మా అబ్బాయే తీసుకెళ్లి జొన్నాడలో వాళ్లమ్మ దగ్గర దింపేసొచ్చేడు."

వేరే గ్లాసు అనగానే నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. ఆవిడ కూలికి వెళ్లిన ఇళ్లలో గ్లాసు కూడా ఇచ్చేవారు కాదు. దోసిలి పడితే పైనుంచి పోసేవారు. మూడు తరాల్లో మేం చదువుకుని, తెల్లచీర కట్టుకుని, నలుగురి ఇళ్లకీ వెళ్లే ఉద్యోగం సంపాదించుకున్నాం. ఆ చదువుతోనే ఇంకొకరికి నేను గ్లాసు వేరే పెట్టించాను. సైకిలెక్కి వీధి మలుపు దాకా వచ్చి, దిగి, గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

రెండు ఏనుగులు

డాక్టరుగారికి చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను, ఉద్యోగం పోతుందేమోనని కూడా అనుకున్నాను. ఆయన ఆ నిఘంటువు తెప్పించుకుని, ఆ పేజీ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకి మాటల పుట్టుక అంటే సరదా. మందుల పేర్లు చెప్పినా అది ఏ భాష మాటో చెప్పందే వదిలేవారు కాదు.

"అమ్మాయ్, ఈ తప్పు నువ్వు మొదలెట్టింది కాదు. ఎలిఫెంటియాసిస్ అనే మాట గ్రీకులది. వాళ్లు దాంతో పిలిచింది మన కుష్ఠుని. చర్మం మందమైపోయి ఏనుగు తోలులా అవుతుందని ఆ పేరు పెట్టేరు. తరవాత అరబ్బు వైద్యులు వాచిన కాలుని చూసి, దీన్ని కదా ఏనుగు జబ్బు అనాలి అని వాళ్ల భాషలో దానికా పేరు పెట్టేరు. ఆ అరబ్బీ పుస్తకాలు లాటిన్‌లోకి మార్చినవాళ్లు ఏం చేసేరు? రెండు ఏనుగుల్నీ తీసుకొచ్చి ఒకే గుంజకి కట్టేసేరు. వందల ఏళ్లు డాక్టర్లే తికమకపడ్డారు. ఆ తికమకే తిరిగి తిరిగి ఈ పుస్తకంలోకొచ్చింది."

నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. అది నా మొహంలో కనబడినట్టుంది.

"అయితే," అన్నారాయన, "ఆ గ్రీకులూ అరబ్బులూ ఆ ఇంటికెళ్లి చీటీ ఇవ్వలేదు. నువ్విచ్చేవు. నేను వచ్చి చెబితే పెద్దాయన కాబట్టి తలూపుతారు, నమ్మరు. నీ చేత్తో రాసింది నీ నోటితోనే పోవాలి. వెళ్లు."

సరైన చీటీ రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు. పై అధికారుల గురించి చాలా వింటారు మీరు. నేను ఎంతోమందిని చూశాను. కింది మనిషి తప్పుని కప్పిపెట్టేవాళ్లూ ఉన్నారు, ఊరంతా చాటేవాళ్లూ ఉన్నారు. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడికే తిరిగి పంపించినవారు ఈయనొక్కరే.

షావుకారు కొట్టు ముందు నిలబడి, నలుగురు వింటుండగా చెప్పాను. "నేను తప్పు రాశానండి. ఆమెకి పెద్దరోగం లేదు. అది బోదకాలు. దోమ వల్ల వస్తుంది, ముట్టుకుంటే రాదు."

షావుకారు చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముద్ర మారితే జబ్బు మారిపోద్దాండీ? ఆ పిల్ల తరఫువాళ్లెవరో వచ్చి మీ డాక్టరుగారిని బతిమాలుకున్నట్టున్నారు."

ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ నమ్మలేదు కూడా. అబద్ధం ఒక్క పూటలో వీధంతా తిరిగింది. నిజం కొట్టు మెట్లు కూడా దిగలేదు.

జొన్నాడ ఆదివారాలు

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా బస్సెక్కి, రావులపాలెం దగ్గర గోదావరి వంతెన దాటి, జొన్నాడలో దిగాను. సత్యవతి వాళ్లమ్మ ఇంటి వెనక కొబ్బరి మట్టల చాటున కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. నేనే కింద కూర్చున్నాను. తప్పు నాదని చెప్పాను. పుస్తకం సంగతి, చీటీ సంగతి అంతా చెప్పాను.

ఆమె తన చేతులు రెండూ ఒళ్లో పరుచుకుని చూసుకుంది. తర్వాత అంది:

"నాకు చదవడం వచ్చండి. అయిదో తరగతి దాకా చదివేను. ఆ చీటీ షావుకారుగారికన్నా ముందు నేనే చదివేను, మీ ఆసుపత్రి మెట్ల మీదే. అత్తగారికి చెప్పలేదండి. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే లేచి వేళ్లు లెక్కెట్టుకుంటున్నానండి, ఏది ముందు పోద్దా అని."

ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. వీధి ఏమనుకుందో, అత్తగారు ఏమనుకున్నారో, వాటి గురించే ఆలోచించాను. ఆమె కూడా నమ్మేసిందన్న ఊహే నాకు రాలేదు. పేరు ముందు రోగి చెవిలో పడుతుంది, ఊరి చెవిలో ఆ తర్వాతే పడుతుంది. మీరు ఇది గుర్తుంచుకోండి.

నా సంచిలోంచి దూది తీసి సన్నగా వత్తిలా చేశాను. కుష్ఠు ఉన్నచోట స్పర్శ తెలియదు, దాన్ని పరీక్షించడం ఇలాగే.

"కళ్లు మూసుకోండి. నేను ఎక్కడ ముట్టుకుంటానో వేలితో చూపించండి."

చూపుడువేలి చివర ఆనించాను. "ఇక్కడండి." చిటికెన వేలు. "ఇక్కడండి." మణికట్టు, మోచెయ్యి, చెంప. ప్రతిసారీ సరిగ్గా చూపించింది. వాచిన కాలి మీద, మందమైన చర్మం మీద కూడా నెమ్మదిగా ఆనించాను. "ఇక్కడండి... ఆయ్, ఇక్కడే." మూసిన కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. నేను ఆపలేదు. పది వేళ్లూ అయ్యేదాకా చేశాను.

"కుష్ఠయితే ఇది తెలియదండి," అన్నాను. "మీ వేళ్లు ఎక్కడికీ పోవు."

ఆ తర్వాత ఆదివారాలన్నీ జొన్నాడకే. డాక్టరుగారు చెప్పింది ఒకటే వైద్యం: సబ్బు, నీళ్లు, పొడిగుడ్డ, కాలు ఎత్తులో పెట్టుకోవడం. వేళ్ల సందుల్లో పుండ్లు పడకుండా చూసుకుంటే జ్వరాలు తగ్గుతాయి, వాపు పెరగదు. మొదటి వారం పెరట్లో కడిగాను. రెండో వారం నుంచి వీధి అరుగు మీద కూర్చోబెట్టి కడిగాను, దారిన పోయేవాళ్లు చూస్తుండగా. నా చేతులకి ఏ తొడుగులూ లేవు. నాలుగో వారానికి పక్కింటి ముసలావిడ వచ్చి, చీర కొంగు కొంచెం పైకెత్తి, "నాదీ చూడమ్మా," అంది. ఆరో వారానికి ముగ్గురయ్యారు. ఇన్నాళ్లూ ఆ కాళ్లన్నీ చీర కుచ్చెళ్ల కిందే దాక్కుని ఉన్నాయి. సత్యవతి తన కాలు తనే కడుక్కుంటూ వాళ్లకి నేర్పేది. వాళ్లమ్మ కొత్త కుండ కొని పెట్టింది, మళ్లీ రేకులు తీయడం మొదలైంది. హైవే మీద ఆగిన బస్సులవాళ్లు కొనుక్కునేవారు.

ఒక ఆదివారం నేను ఉండగానే సూరమ్మగారు వచ్చారు. నా క్షమాపణకి మనసు కరిగి వచ్చారని రాస్తే బాగుంటుంది కానీ, అది నిజం కాదు. పెళ్లిళ్ల రోజులొచ్చాయి. మిగతావాళ్ల రేకులు మందంగా ఉన్నాయని షావుకారుకి మాటలొచ్చాయి. జొన్నాడలో అంతమంది ఆ రేకులు తిని బాగానే ఉన్నారు కదా అని అతనే సూరమ్మగారికి కబురు పెట్టాడు. ఆమెని వెనక్కి తెచ్చింది నా చీటీ కాదు, ఆమె చేతిపని.

"ఇంటికి రామ్మా," అన్నారు సూరమ్మగారు, అరుగు కింద నిలబడి.

సత్యవతి రేకు తీస్తూనే ఉంది. "కూర్చోండి అత్తయ్యగారూ. దాహమేసుంటుంది." చెయ్యి కడుక్కుని, లోపల్నుంచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ముందు తను సగం తాగింది. మిగతా సగం ఆవిడ ముందు పెట్టింది.

సూరమ్మగారు గ్లాసు వంక చూశారు, కోడలి వంక చూశారు, నా వంక చూశారు. ఎండకి మొహం ఎర్రబడి ఉంది. చివరికి గ్లాసు ఎత్తి గడగడా తాగేశారు. తాగి, పమిటతో మూతి తుడుచుకుని, "చల్లగా ఉన్నాయే, మీ నూతివా?" అన్నారు.

సత్యవతి మర్నాడు ఇంటికి వెళ్లింది.

పోగేసుకున్న మాటలు

అప్పట్నుంచి నాకు మాటలు పోగేసే అలవాటైంది. ఏ ఊరికి బదిలీ అయినా ఈ జబ్బుని ఏమంటారని అడిగేదాన్ని. శ్లీపదం అంటే రాయిలాంటి పాదమని ఒక ఆయుర్వేదం ఆయన చెప్పారు. తమిళం తెలిసినావిడ యానైక్కాల్ అంటామంది, అదీ ఏనుగు కాలే. ఫైలేరియా అంటే లాటిన్‌లో దారంట, ఆ పురుగు దారంలా ఉంటుంది కనక. అమలాపురంలో పనిచేసేటప్పుడు, మాత్రలు పంచుతూ ఒక అరబ్బీ పంతులుగారింటికి వెళ్లాను. ఆయన కాలికీ వాపు ఉంది. "మా పుస్తకాల్లో దీన్ని దాఉల్ ఫీల్ అంటారమ్మా. దా అంటే జబ్బు, ఫీల్ అంటే ఏనుగు. కుష్ఠుకి మాకు జుజామ్ అని వేరే మాటుంది, మేం ఎప్పుడూ కలపలేదు," అన్నారు, కొంచెం దెప్పినట్టే. డాక్టరుగారు చెప్పిన రెండో ఏనుగు అలా నాకు దాని సొంత భాషలోనే వినబడింది. ఆ సంగతి చెప్పడానికి అప్పటికి డాక్టరుగారు లేరు.

కుష్ఠు మాట సంగతి ఇంకా విచిత్రం. సంస్కృతంలో అది ఎన్నో రకాల చర్మ జబ్బులకి కలిపి పెట్టిన పేరు. అదే పేరు ఒక సువాసన వేరుకీ ఉంది, చెంగల్వ కోష్టు. మాటకి దాని అర్థం పుట్టుకతో అంటుకుని రాదు, మనుషులు అంటిస్తారు.

మన బోదకాలు మాత్రం ఎక్కడిది? బోదె అంటే చెట్టు మాను, అరటి బోదె అంటాం కదా. అలా లావెక్కిన కాలు కాబట్టి బోదకాలు అయ్యుంటుందని మా కంపౌండరుగారి వాదన. మా వైపు పొలంలోకి నీళ్లు తెచ్చే చిన్న కాలవనీ బోదె అనే అంటారు. దోమలు పెరిగేది అక్కడే కదండీ అని నేననేదాన్ని. ఏది నిజమో పండితులు తేల్చాలి. నాకు తెలిసిందల్లా ఒకటే. ఇన్ని భాషల్లో తిరిగొచ్చాక, రోగికి చెప్పాల్సిన మాట వాళ్లమ్మ వాడే మాటే. అది ఎంత మామూలుగా ఉంటే అంత మంచిది. చెప్పిందే రాయండి, రాసిందే చెప్పండి.

కోపం

రిటైరయ్యే ముందు నెల, ఎవరికీ చెప్పకుండా ఆ ఊరు వెళ్లాను. సూరమ్మగారు పోయి చాలా ఏళ్లయింది. సత్యవతికి జుట్టు నెరిసింది. కాలు అప్పుడెంత ఉందో దాదాపు అంతే ఉంది, పుండ్లు లేవు. ఇప్పుడు ఎత్తు పీట మీద కూర్చుని తీస్తోంది. నలుగురు ఆడవాళ్లు ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నారు. నన్ను చూసి పీట వాల్చింది. ఒకరి ఆరోగ్యం ఒకరం అడిగి తెలుసుకున్నాం. ఇన్నేళ్లూ అడగడానికి ధైర్యం చాలనిది అప్పుడు అడిగాను.

"సత్యవతిగారూ, నా మీద కోపం పోయిందాండీ?"

ఆమె గుడ్డని పిండిలో ముంచి, పిండి కారకుండా అంచు పట్టుకుని ఆగింది.

"లేదండి. ఎలా పోద్దండీ? ఇప్పటికీ ఒక్కో పొద్దున్న లేవగానే వేళ్లు చూసుకుంటాను. చూసుకున్నప్పుడల్లా మీ మీద కోపమొస్తాది." గుడ్డ కుండ మీద పరిచి లాగింది. "కాలు కడుక్కున్నప్పుడల్లా మీరంటే ఇష్టమొస్తాదండి. రెండూ ఉన్నాయి. మీరు ఏది తీసుకెళ్లినా నాకేం అభ్యంతరం లేదు."

"రెండూ తీసుకెళ్తానండి," అన్నాను.

"ఆయ్, అలాగే తీసుకెళ్లండి," అని నవ్వి, కుండ మీది రేకుని ఒలిచి, నెయ్యి రాసి, బెల్లం చల్లి, మడిచి, నా చేతిలో పెట్టింది.